నకూరు పోయేముందు మర్రిగూడలో

ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ రెండో ఏడాదిలో మాకు సర్వీస్ లెర్నింగ్ అని ఒక పేపర్ ఉంది. క్లాసులో చదివినదాన్ని ఏదో ఒక ఊరికి పనికొచ్చేటట్టు చేయాలి, ఆ పనిలో మనకు తెలిసొచ్చింది రాసి ఇవ్వాలి. మార్కులు రెండోదానికే ఎక్కువ. మామూలుగా అందరూ హైదరాబాద్ చుట్టుపక్కల ఒక ఊరు చూసుకుని పని కానిచ్చేస్తారు. ఈసారి మా డిపార్ట్‌మెంట్‌కు కెన్యాలో నకూరు దగ్గరి ఒక యూనివర్సిటీతో మాట కుదిరింది. తాగునీళ్లలో ఫ్లోరైడ్ మీద వాళ్లు చేస్తున్న పనిలో కొన్ని వారాలు మేమూ చేయి వేయాలి. పేర్లిచ్చినవాళ్లలో నల్గొండ జిల్లా పిల్లను నేనొక్కదాన్నే.

మాది మర్రిగూడ మండలం. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఏళ్ల తరబడి తాగితే అది పళ్లనూ ఎముకలనూ పాడుచేస్తుంది. మా తాత మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. పెద్దనాయినకు పళ్ల మీద గోధుమరంగు చారలు, నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటాడు. నా పళ్లు తెల్లగా ఉన్నాయంటే అది మా నాయిన పుణ్యం. నేను చిన్నగా ఉన్నప్పుడు బత్తాయి తోటలో ఎంత పనున్నా బండి మీద పోయి ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెచ్చేవాడు. తర్వాత మిషన్ భగీరథ నల్లా వచ్చింది. ఆ పథకం పైలాన్‌ను 2015లో అప్పటి మా జిల్లాలోని చౌటుప్పల్‌లోనే పెట్టారు. తాగే నీళ్లు ఇప్పుడు కృష్ణావే. తాత మెడ మాత్రం ఏ నీళ్లు తాగినా ఇక తిరగదు. ఎముకల్లో చేరింది అట్లాగే ఉండిపోయింది.

ముందు పాస్‌పోర్ట్ సంగతి. మా ఇంట్లో ఎవరికీ లేదు. నల్గొండ పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ తీసుకున్నాను, ఫీజు 1500. మన పిల్లలకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చాలామందికి పొడి అక్షరమే. పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఇంకో గడి. రేపు విమానం టికెట్, వీసా కాగితం, టీకా కార్డు అన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి కాబట్టి ముందు ఆధార్ సరిచేయించుకుని, తర్వాతే అప్లై చేయడం మేలు. మెమో పెడితే నాన్ ఈసీఆర్ కింద వస్తుంది, అంటే కొన్ని దేశాలకు పని కోసం పోయేటప్పుడు ప్రభుత్వం దగ్గర వేరే అనుమతి తీసుకునే తిప్పలు ఉండవు.

పోలీస్ ఎంక్వైరీ కోసం కానిస్టేబుల్ వచ్చి పోయాక ఊరంతా తెలిసిపోయింది. "దుబాయా బిడ్డా?" అని ఒకరు. "అమెరికా పోతుందట, ఎమ్మెస్సే కదా" అని ఇంకొకరు. కెన్యా అంటే ఎవరికీ పట్టలేదు, ఆఫ్రికా అన్నాక అందరూ మా అమ్మ వైపు జాలిగా చూశారు. "ఆడికి సదువుకోను పోతరా ఎవరన్న?" అని మా చిన్నత్తమ్మ మొహం మీదనే అడిగింది. అమ్మ కూడా లోపల అదే అనుకుంటోందని నాకు తెలుసు. అయినా ఆమె మహిళా సంఘంలో అప్పు తీసి టికెట్‌కు తక్కువపడ్డ డబ్బు కట్టింది. కాలేజీ ఇచ్చేది సగమే. ఇట్లాంటి ట్రిప్పులకు ఎవరు పోగలరు, ఎవరు పోలేరు అన్నది ఆ మిగతా సగం దగ్గరే తేలిపోతుంది. మా క్లాసులో నాకంటే బాగా చదివే ఒక పిల్ల అక్కడే ఆగిపోయింది.

ఎల్లో ఫీవర్ టీకా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మా బ్యాచ్‌లో ఎక్కువ టెన్షన్ పడింది దీని గురించే. కెన్యా నుంచి వచ్చే ప్రయాణికుల దగ్గర మన దేశం ఆ టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. లేకపోతే తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టు నుంచే క్వారంటైన్‌కు పంపుతారు, ఆరు రోజుల దాకా ఉంచవచ్చు. ఈ టీకా ప్రతి ఆసుపత్రిలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలే వేయాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). అక్కడ కూడా రోజూ వేయరు, ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని పోవాలి. పాస్‌పోర్ట్ లేకుండా పోతే లాభం లేదు, దాని నంబర్ పసుపు కార్డు మీద రాస్తారు, ఆ కార్డే టీకా సర్టిఫికెట్. వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు, 2016 నుంచి అదే రూల్. ఇది బతికున్న వైరస్‌తో చేసే టీకా, కోడిగుడ్ల మీద పెంచుతారు. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ముందే డాక్టర్‌కు చెప్పాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, ధనుర్వాతం టీకాలు మామూలు క్లినిక్‌లో అయిపోయాయి. మలేరియా మాత్రలు కావాలా వద్దా అన్నది పోయే చోటును బట్టి. నకూరు సముద్రమట్టానికి 1800 మీటర్లకు పైనే ఉంటుంది, అక్కడ మలేరియా తక్కువ. మేం ఒక వారం బరింగో వైపు లోతట్టుకు దిగుతాం, అక్కడ ఉంటుంది. డాక్టర్‌కు ఊళ్ల పేర్లు రాసిచ్చి అడిగితే ఏ మాత్రలు, ఎప్పటి నుంచి అన్నది చెప్పారు.

కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. ఫీజు 30 డాలర్లు, పైన కార్డు చార్జీలు. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించే దళారుల సైట్లు ముందు వస్తాయి, రెట్టింపు గుంజుతాయి. అడ్రస్ చివర 'గో డాట్ కేఈ' ఉందో లేదో చూసుకుంటే చాలు.

కాగితాల పని అంతే. కావలసింది ఓపిక ఒక్కటే. నన్ను నిజంగా కుదిపింది అక్కడివాళ్లతో జరిగిన మొదటి వీడియో కాల్.

అటువైపు ఒక ఇంజినీరమ్మ, వయసు మా అమ్మంత ఉంటుంది. ఒక్కొక్కరినీ ఊరి పేరు అడుగుతోంది. నేను నల్గొండ అన్నాను. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. నల్గొండ టెక్నిక్ పుట్టిన ఊరేనా అని అడిగింది. అవునన్నాను. అయితే మీ ఇంట్లో అది ఎట్లా వాడతారు, అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పారబోస్తారు, పటిక ఎవరిస్తారు అని వరసగా అడుగుతూ పోయింది. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. మా ఇంట్లో ఎవరూ దాన్ని వాడలేదు. మా ఊళ్లో ఆ పేరే ఎవరూ ఎరగరు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. నల్గొండ టెక్నిక్ అనేది నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో తయారుచేసిన పద్ధతి. ఫ్లోరైడ్ నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. పటిక నుంచి వచ్చిన అల్యూమినియం మెత్తటి ముద్దలుగా కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైనీళ్లు వడకట్టి తాగొచ్చు. పెద్ద ట్యాంకులోనూ చేయొచ్చు, ఇంట్లో బకెట్‌లోనూ చేయొచ్చు. వాడేవన్నీ చవక సరుకులే. అందుకే ఆ పద్ధతి మా జిల్లా పేరు పెట్టుకుని కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ మీద వేసిన పుస్తకంలోనూ ఆ పేరే ఉంది. అక్కడివాళ్లు దాన్ని ఏళ్ల తరబడి చేసి చూశారు. కాబట్టి ఆమె అడిగినవి మర్యాద కోసం అడిగిన ప్రశ్నలు కావు, ఆమెకు జవాబులు కావాలి.

మా మేడమ్ ప్రయాణానికి ముందు అందరికీ ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు, వెళ్లే దేశం గురించి నోట్స్ రాయాలని. నేను అడిగి నా అసైన్‌మెంట్ మార్చుకున్నాను. కెన్యా గురించి మిగతావాళ్లు రాస్తారు, నేను మా ఊరికి పోయి అడిగొస్తాను అన్నాను. సరేనన్నారు.

మాల్ అనే ఊరి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఆటో. మా పక్క ఊళ్లో ఒకప్పుడు ఫ్లోరైడ్ తీసే ప్లాంటు ఉండేది. ఇప్పుడు గోడలున్నాయి, లోపల వరిగడ్డి పెట్టుకున్నారు. దాన్ని నడిపిన ఆపరేటర్ మామ ఇంకా ఉన్నాడు, ఇప్పుడు మేకలు కాస్తున్నాడు. ఆయనతో మాట్లాడాక నాకు తెలిసింది మా రెండు సెమిస్టర్ల వాటర్ ట్రీట్‌మెంట్ పేపర్‌లో లేదు.

"పటిక ఎంతెయ్యాలె అన్నది నీళ్లను బట్టి ఉంటది బిడ్డా" అన్నాడు. "ఎండకాలం బోరు అడుక్కు పోతే ఒక తీరు, వానలు పడ్డంక ఒక తీరు. మాకు కొలిచే మిషిన్ ఇయ్యలే. ఒకటే లెక్క రాసిచ్చిన్రు, ఏడాది పొడుగునా అదే ఏసుడు." ఎక్కువైతే నీళ్లు వగరుగా ఉండేవట, ఆడవాళ్లు వచ్చి తిట్టేవారట. తక్కువైతే ఎవరికీ తెలిసేది కాదు. పటిక బస్తాలు అయిపోతే పైకి రాసి పంపాలి, వచ్చేసరికి నెల దాటేది. ఆ నెలంతా ప్లాంటు ఆగదు, మోటారు నడుస్తుంది, నీళ్లు వస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం అట్లాగే ఉంటుంది. మడ్డి సంగతి అడిగితే చేయి చూపించాడు. వెనక కాలవలోకి. జీతం కొన్ని నెలలు వచ్చింది, తర్వాత రాలేదు. ఆయన దాన్ని కోపంగా చెప్పలేదు, నిన్న మొన్నటి సంగతిలా చెప్పాడు.

కెమిస్ట్రీలో ఆయన చెప్పిన ప్రతి మాటకూ లెక్క ఉంది. పటిక మోతాదు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో పాటు క్షారత మీద కూడా ఆధారపడుతుంది, అది కాలాన్ని బట్టి మారుతుంది. పటిక లెక్క తప్పితే నీళ్లలో అల్యూమినియం, సల్ఫేట్ మిగిలిపోతాయి. తీసిన ఫ్లోరైడ్ మొత్తం మడ్డిలో ఉంటుంది, దాన్ని నేలలో పోస్తే మళ్లీ నీళ్లలోకే. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రామ్, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. ఆ గీత కిందికి రోజూ తేవాలంటే రోజూ కొలవాలి. పద్ధతిలో తప్పు లేదు. రోజూ కొలిచే మనిషికి పరికరం, జీతం ఇచ్చే ఏర్పాటు లేదు.

సాయంత్రం తాత దగ్గర కూర్చున్నాను. ఆయనకు పటిక గురించి చెప్పేదేమీ లేదు. ఆయన చెప్పింది వేరే. మా ఊరికి వచ్చిన సార్ల గురించి. జీపుల్లో వచ్చేవారు, కార్లలో వచ్చేవారు, కాలేజీ పిల్లలు బస్సు మాట్లాడుకుని వచ్చేవారు. "అంగీ ఇప్పుమన్నరు, ఇప్పిన. నడువుమన్నరు, నడిసిన. ఫోటువలు తీసుకున్నరు. మల్ల ఒక్కడు రాలే." కాసేపాగి, "నువ్వు గూడ గట్లనే పోతున్నవా?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

తర్వాత హైదరాబాద్‌లో ఓరియెంటేషన్ క్లాసులో ఫోటోల విషయం వచ్చింది. అడగకుండా తీయొద్దు, పిల్లలవి అసలొద్దు, ఇన్‌స్టాలో పెట్టొద్దు అని స్లయిడ్ మీద రాసుంది. ఒకబ్బాయి, పళ్ల మీద మచ్చలు డాక్యుమెంట్ చేయకపోతే రిపోర్టుకు ఆధారం ఏముంటుంది అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పళ్ల మచ్చల తీవ్రత రాయడానికి డీన్ ఇండెక్స్ ఉంది, దంతాలు చూసి అంకె రాసుకోవచ్చు, ముఖం అక్కర్లేదు. అది కూడా అక్కడి దంతవైద్య విద్యార్థులు చేస్తే మేం పక్కన రాసుకుంటాం. నేను తాత మాట చెప్పాను. మా గ్రూపు చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. మనుషుల ఫోటోలు మేం తీయం, వాళ్లే మాతో దిగుదామంటే దిగుతాం. బావులు, బోర్లు, ఫిల్టర్లు ఎన్నైనా తీసుకుంటాం.

నకూరులో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది ఎముకల బొగ్గు పద్ధతి. పశువుల ఎముకలను గాలి అందకుండా ఎక్కువ వేడిలో కాల్చి, దంచి, ఫిల్టర్‌లో నింపుతారు. ఆ బొగ్గు ఫ్లోరైడ్‌ను బాగా పట్టుకుంటుంది. మన దగ్గర ఎందుకు లేదు అంటే, ఇది మా అమ్మకు చెప్పి చూశాను. "బొక్కల్ల వడవోసిన నీళ్లా?" అని ముక్కు మీద వేలేసుకుంది. ఆదివారం యాట కూర వండే ఇంట్లోనే ఇంత ఉంటే, మాంసం ముట్టని ఇళ్లలో సంగతి చెప్పక్కర్లేదు. అక్కడివాళ్లకు అట్లాంటి పట్టింపు అంతగా లేదు, పశువుల పెంపకం ఎక్కువ, ఎముకలకు కొరత లేదు. ఒక ఊరి మందు ఇంకో ఊరికి ఎందుకు పట్టదో నేను సిద్ధాంతంగా చదివాను గానీ, నాకు అర్థమైంది అమ్మ మొహం చూశాకే.

నీళ్ల కథ కూడా వేరే. మాది గ్రానైట్ నేల, ఆ రాళ్లలోని ఖనిజాలు కరిగి బోర్లలోకి ఫ్లోరైడ్ వస్తుంది. వాళ్లది నేల చీలి కుంగిన రిఫ్ట్ లోయ, అగ్నిపర్వతాల రాళ్లు, సోడా ఎక్కువున్న నీళ్లు. రెండు చోట్లా నీళ్లలో కాల్షియం తక్కువ కావడంతో ఫ్లోరైడ్ అడుక్కు దిగక కరిగే ఉంటుంది. కాచి చల్లార్చి తాగితే పోతుందని మా ఊళ్లో ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. కాస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

సామాన్ల సంగతికొస్తే, నాయనమ్మ సకినాలు, మక్కపేలాలు, చింతకాయ తొక్కు అన్నీ పాలిథిన్ కవర్లలో కట్టి పెట్టింది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. అన్నీ స్టీలు డబ్బాలకు, గుడ్డ సంచులకు మార్చాం. తొక్కు తీసేయమంటే ఊరుకోలేదు, చివరికి చిన్న డబ్బాకు ఒప్పుకుంది. అక్కడ మక్కపిండితో ఉగాలి వండుతారు, మన మక్క గట్కలాగే ఉంటుందని చెప్పాక కొంచెం నిమ్మళించింది. స్వెట్టర్ పెట్టుకుంటుంటే మాత్రం ఆఫ్రికాకు స్వెట్టరేందని ఇల్లంతా నవ్వారు. భూమధ్యరేఖ పక్కనే అయినా ఆ ఎత్తులో రాత్రిళ్లు చలి. ప్లగ్‌కు మూడు చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. ఫ్లోరైడ్ కొలిచే రసాయనం తీసుకుపోదామనుకున్నాం, అందులో యాసిడ్ ఉంటుంది కాబట్టి విమానంలోకి రానివ్వరు. వాళ్ల ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్ ఉందట, దానితోనే కొలుస్తాం. డాలర్లు కొత్త నోట్లే తీసుకోమన్నారు, పాతవి, చిరిగినవి అక్కడ తీసుకోరు.

ఇంజినీరమ్మకు నేను ఆపరేటర్ మామ చెప్పిందంతా రాసి పంపాను. మడ్డి ఎక్కడ పోశారో, పటిక ఎందుకు ఆగిందో, కొలిచే మిషన్ లేకపోవడం, అన్నీ. రెండో కాల్‌లో ఆమె దాని మీదే మాట్లాడింది. వాళ్ల దగ్గర కూడా బొగ్గు నిండిపోయాక మార్చడం దగ్గరే ఫిల్టర్లు మూలపడుతున్నాయట. మేం వెళ్లాక చేయాల్సిన పని దాంతో మారిపోయింది. కొత్త ఫిల్టర్లు పెట్టడానికి బదులు, ఇప్పటికే ఉన్నవాటిలో ఏవి ఆగిపోయాయి, ఎప్పటి నుంచి, బొగ్గు ఎవరు మార్చాలి, డబ్బు ఎవరిస్తున్నారు అని ఇంటింటికీ తిరిగి రాయాలి. ఫోటోలకు అంత బాగుండే పని కాదు. మా బ్యాచ్‌లో ఒకరిద్దరు కొంచెం నీరసపడ్డారు కూడా.

ఆపరేటర్ మామకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "ఆడ జీతం ఎవరిస్తున్నరో అది ముందు అడుగు" అన్నాడు. మా ప్రశ్నల పట్టికలో అది మొదట్లో లేదు. ఇప్పుడు మూడో ప్రశ్న అదే.

తిరిగొచ్చాక రిపోర్టు డిపార్ట్‌మెంట్‌కు ఒకటి, అక్కడి యూనివర్సిటీకి ఒకటి ఇవ్వాలి. తెలుగులో చిన్నది ఒకటి రాసి మా పంచాయతీకీ, ఆ మామకూ ఇస్తానని మేడమ్‌ను అడిగాను. దానికి మార్కులు లేవు, టైం వేస్ట్ అవుతుందేమో చూసుకో అన్నారు. జిరాక్స్ ఖర్చు నేనే పెట్టుకుంటానని చెప్పాను.